ఆ గుడ్డముక్కని ఫారం నుంచి విడదీయకు

చి॥ అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్ పాత రికార్డులకి ఫొటోలు తీసే పని నీకు వచ్చిందన్నావు. ఫారాలకి గుచ్చి ఉన్న గుడ్డముక్కల్ని మాత్రం దగ్గరగా తీస్తే అందంగా ఉంటాయి, ఫారాలన్నీ ఒకేలా ఉన్నాయి, ఎవరు చూస్తారు నాన్నా అన్నావు. అప్పుడు మన అద్దకం షెడ్డులో పనివాళ్లున్నారు, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపిన పుస్తకాలు, లింకులు అన్నీ చదివాను. పేరుకి హాస్పిటల్ గానీ అది దిక్కులేని పసిపిల్లల్ని పెంచే చోటు. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఏళ్ల తరబడి పెద్దింటివాళ్ల గుమ్మాలెక్కి దిగి, 1739లో రాజుగారి అనుమతి సంపాదించాడు. 1741 మార్చి 25 రాత్రి తలుపులు తీస్తే 30 మంది పిల్లలతోనే నిండిపోయింది. వచ్చే తల్లులు ఎక్కువ, ఉన్న చోటు తక్కువ. మరుసటి ఏడు నుంచి సంచిలో రంగు బంతులు వేసి తియ్యమనేవారట. తెల్లది వస్తే, బిడ్డకి జబ్బేమీ లేకపోతే తీసుకుంటారు. ఎర్రది వస్తే ఆగి చూడాలి. నల్లది వస్తే బిడ్డనెత్తుకుని వెనక్కి నడవాల్సిందే. ఇది చదివాక మీ అమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

1756లో పార్లమెంటు డబ్బిచ్చి, వచ్చిన ప్రతి బిడ్డనీ తీసుకోమంది. గేటు దగ్గర బుట్ట వేలాడదీశారు. మొదటి రోజే 117 మంది. 1760 మార్చిలో ఆ పద్ధతి ఆపేసేనాటికి 14,934 మంది. అందులో ఎక్కువ మంది బతకలేదు.

ఇప్పుడు నువ్వు బోరు అన్న ఆ ఫారం, అదే బిడ్డని చేర్చుకునేటప్పుడు నింపినది, దాని సంగతికి వస్తాను. నువ్వు పంపిన ఫొటోని పెద్దది చేసి చూశాను. పైన అచ్చులో సంస్థ పేరు, తారీఖుకి ఖాళీ, ఆడో మగో రాయడానికి ఖాళీ, వయసు. కింద వరసగా టోపీ, గౌను, విడిగా తొడిగే చేతులు, చొక్కా, దుప్పటి, పొత్తిగుడ్డలు, మేజోళ్లు, బూట్లు అని అచ్చు వేసి ఉంది. బిడ్డ ఒంటి మీద ఉన్నవాటి ఎదురుగా గుమాస్తా రాసుకుంటూ వెళ్లాడు. ఆ జాబితాలో ఎదురుగా ఏమీ రాయని వరసలు ఎన్నున్నాయో చూశావా? మేజోళ్లు లేవు, బూట్లు లేవు. ఆ ఇల్లాలి దగ్గర ఏముందో, ఏం లేదో ఆ ఖాళీలే చెబుతున్నాయి. గుడ్డ ఒక్కదాన్నే ఫొటో తీస్తే ఇదంతా పోతుంది కదా తల్లీ.

ఇక ఆ గుడ్డ. దాన్ని చూడడానికి నాకు ఎవరి పుస్తకమూ అక్కర్లేదు. రెండే రంగులు, ఎరుపు, నలుపు. మనకి తెలిసిన పనే. పటిక పెట్టిన చోట ఎరుపు, ఇనుము పెట్టిన చోట నలుపు, ఒకే కాగులో ఉడుకుతుంది. నీలం లేదు, నీలం కావాలంటే ఖర్చు. ఒక రెమ్మ అంచు పక్క మొగ్గ మీదికి ఎక్కింది, అంటే రెండో అచ్చు పక్కకి జరిగింది, చవక సరుకు. కానీ ఆ రెమ్మ వంపు ఉంది చూడు, అది మన తీరం నుంచి వెళ్లింది. బందరులో ఇంగ్లీషువాళ్లు 1611లో కొట్టు పెట్టారు. మన వైపు అద్దకం గుడ్డలు అక్కడ ఎంతలా అమ్ముడుపోయాయంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల పెడితే 1721లో అద్దకం వేసిన నూలుబట్ట కట్టుకోవడమే తప్పని చట్టం చేశారు. దాంతో అక్కడివాళ్లే నారబట్ట మీద, తర్వాత నార, నూలు కలిపి నేసిన బట్ట మీద మన పువ్వుల్ని అద్దారు. ఆ పిల్ల వేసుకున్నది అదే అయ్యుంటుంది.

అలాంటి ముక్కలు దాదాపు 5,000 ఉన్నాయంటే ఆశ్చర్యం వేసింది. రాణుల గౌన్లు ఎవరైనా దాస్తారు. కూలి చేసుకునే ఆడమనిషి కట్టిన గుడ్డ చిరిగేదాకా కట్టి, చిరిగాక పొత్తిగుడ్డ చేసి, ఆపైన చిత్తుకాగితాలవాడికి అమ్మేస్తారు. ఇవి మిగిలాయంటే గుండుసూది పెట్టి ఫారానికి గుచ్చి, మడిచి, నంబరు వేసి దాచబట్టే. తల్లి ఎప్పటికైనా వస్తే తన దగ్గరున్న ముక్కతో సరిపోల్చి బిడ్డని ఇవ్వడానికి. బిడ్డకి అక్కడ కొత్త పేరు పెట్టేవారు. కాబట్టి తల్లికీ బిడ్డకీ మధ్య మిగిలిన ఆధారం ఆ కాగితం, గుడ్డ, నంబరు, మూడూ కలిసి ఉన్నంతవరకే.

సారా బెండర్ అనే ఆమె కథ మీ అమ్మకి చదివి వినిపించాను. 1767 ఫిబ్రవరి 11న కొడుకుని వదిలింది. రకరకాల గుడ్డముక్కలు అతికి, దాని మీద గుండె బొమ్మ కుట్టి, సగానికి కత్తిరించి ఒక సగం బిడ్డతో ఇచ్చింది. వాడి నంబరు 16516. వాళ్లు పెట్టిన పేరు బెంజమిన్ ట్విర్ల్. 1775 జూన్‌లో ఆమె వచ్చి కొడుకుని తీసుకెళ్లింది. అలా వచ్చినవాళ్లు బహుకొద్ది. 1741 నుంచి 1760 లోపు చేరిన 16,282 మందిలో మళ్లీ ఇంటికెళ్లింది 152 మందే.

అక్కడి పెద్దలే ఒకసారి ఈ ముడి తెంపేశారు. తల్లులు నాణేలు, బొత్తాలు, ఒకామె అయితే హేజెల్ కాయ డొల్ల కూడా గుర్తుగా ఇచ్చారు కదా. 1860లలో వాటిని జనానికి చూపించాలని ఫారాల్లోంచి తీసి అద్దాల బీరువాలో పెట్టారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ ఏది ఏ బిడ్డదో చాలావాటికి తెలియకుండా పోయింది. తర్వాత పరిశోధకులు ఫారాల మీది రాతలతో పోల్చి కొన్నింటిని మళ్లీ కలిపారు. నువ్వు ఫొటోలోనూ ఆ పనే చేస్తావేమోనని నా టెన్షన్. ముందు పేజీ మొత్తం తియ్యి. నంబరు, గుండుసూది, సూది తుప్పు మరక, అన్నీ కనపడాలి. తర్వాత గుడ్డని ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా తీసుకో.

బాబాయి మళ్లీ అడిగాడు, అంత చదువు చదివి పాత కాగితాల పనేంట్రా అని. జాన్ జాన్సన్ గురించి చెప్పాను. ఆయన కుర్రతనంలో ఈజిప్టులో ఇసుక కింద చెత్తకుప్పలు తవ్వి వేల ఏళ్ల నాటి కాగితప్పీలికలు ఏరేవాడు. మన కాలపు కాగితాల్ని మనమే ఎందుకు ఏరుకోకూడదు అనిపించింది ఆయనకి. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రెస్సు నడుపుతూ టిక్కెట్లు, కరపత్రాలు, కొట్ల బిల్లులు, నాటకాల ప్రకటనలు పోగేశాడు. 1968 నుంచి అవన్నీ బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి, పది లక్షలకి పైమాటే. బాబాయి ఒప్పుకున్నాడో లేదో తెలీదు గానీ, ఇంకా ఏమున్నాయక్కడ అని చాలాసేపు అడిగాడు.

నాకో సాయం చెయ్యి. ఆ రెండు రంగుల ముక్క అంచు ఎక్కడైనా మడత పడి ఉంటే వెనకవైపు రంగు దిగిందో లేదో చూసి చెప్పు. దిగితే ఆ బట్ట బాగా ఉడికించినట్టు. మడత లేకపోతే వదిలెయ్యి, నాకోసం సూది కదపొద్దు. స్వెట్టరు వేసుకునే స్టోర్‌రూమ్‌లోకి వెళ్లు. అమ్మ ఆవకాయ పార్సెల్ శుక్రవారం వేస్తోంది.

మీ నాన్న
పెడన