బడిలో పనిని శిక్షగా వేయడం ఆపించండి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరు జిల్లాలో హైస్కూలు టీచరుగా పనిచేస్తున్నాను. ఈ కాలం పిల్లలకు కష్టం విలువ తెలియడం లేదని పేరెంట్స్ మీటింగుల్లో, స్టాఫ్ రూముల్లో వింటూనే ఉంటాం. ఎలా తెలుస్తుందండీ? "చదవకపోతే గేదెలు కాసుకుంటావు" అనని ఇల్లుందా? హోంవర్క్ చేయనివాడి చేతికి చీపురిస్తాం. ఆలస్యంగా వచ్చినవాడితో గ్రౌండులో కాగితాలు ఏరిస్తాం. ఫస్ట్ ర్యాంకు వచ్చే పిల్లకు ఆ బాధ ఉండదు. ఇదంతా చూపించి, వీడ్కోలు సభలో శ్రమ గౌరవం మీద ఉపన్యాసమిస్తే పిల్లలు నవ్వుకోరా?

విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం చాలావరకు పోయింది, దాని చోటులోకి చీపురొచ్చింది. అందుకే ముందుగా అడిగేది ఒక ఉత్తర్వు: బడిలో ఏ పనినీ శిక్షగా వేయకూడదు. తరగతి గది ఊడవాలంటే టీచర్లతో సహా అందరం వంతులవారీగా ఊడుద్దాం. మరుగుదొడ్లు మాత్రం పిల్లల పని కాదు. వాటికి ఆయాలున్నారు, వాళ్ల జీతం నెలనెలా పడేలా చూడండి.

ఇక పని నేర్పడం. 1937లో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ చేతిపనితోనే చదువు సాగాలన్నారు. 1964-66లో దేశ విద్యను సమీక్షించిన కొఠారీ కమిషన్ కూడా పని అనుభవం కావాలంది. 2020 జాతీయ విద్యా విధానమైతే 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోమంది. మన ప్రోగ్రెస్ కార్డులో పని విద్యకు గ్రేడూ ఉంది. పీరియడ్ మాత్రం లెక్కల మాస్టారు తీసుకుంటారు. (అడిగితే సిలబస్ అవలేదంటారు. అదీ నిజమే.)

ఆ పది రోజుల్ని క్విజ్‌లతో, ముగ్గుల పోటీలతో సరిపెట్టనివ్వకండి. మంగళగిరిలో గుంట మగ్గం దగ్గర ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒక పూట కూర్చోబెట్టండి. తాడు లాగుతుంటే అడ్డపోగు వేసే నాడె అటూఇటూ పరుగెడుతుంటుంది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒకటి తెగుతుంది. నేతాయన మగ్గం ఆపి, తెగిన కొసలు వెతికి పట్టుకుని, అతికి మళ్లీ మొదలుపెడతాడు. చూసీచూడనట్టు వదిలేస్తే బట్ట పొడుగునా సన్నటి గీత పడుతుంది, చీర కొనేవాళ్లు మొదట చూసేది దాన్నే. పరీక్షలో తప్పుకు అర మార్కు పోతే మన పిల్లలు పేజీ తిప్పేస్తారు. ఇక్కడ వెనక్కి రాక తప్పదు. పోగు అతకమని వాళ్లకే ఇచ్చి చూడండి, వేళ్ల మధ్య నుంచి జారిపోతూనే ఉంటుంది. ఆయనకేమో మాట్లాడుతుండగానే అతుక్కుంటుంది. "ఎన్నేళ్లకొచ్చిందండీ ఇలా?" అని అప్పుడు వాళ్లే అడుగుతారు.

అయితే ఆ పూట ఆయన కూలి పోతుంది. శాలువా కప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయొద్దు. కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌కు గంటకు ఎంతిస్తారో అంతే ఇవ్వండి, పిల్లల ఎదురుగా, హెడ్మాస్టరు చేతుల మీదుగా. బిల్లు ఆరు నెలల తర్వాత పాసయ్యేలా అయితే అసలు పిలవకండి.

ఇంకో మనవి. భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో యాప్‌లో అప్‌లోడ్ చేసిన రోజులు చూశాం. ఈ పది రోజుల కోసం మరో యాప్ పెట్టకండి సార్. ఫొటో అడిగారంటే, పిల్లల్ని ఆ ఫొటో కోసమే మగ్గం ముందు కూర్చోబెట్టి, అయిదు నిమిషాల్లో బస్సెక్కించేస్తాం.

ఇట్లు,
ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు