బరువు ఇంజెక్షన్‌కు ఫోన్‌లోనే చీటీ... అడగాల్సినవి అడుగుతున్నారా?

సంపాదకులకు,

బరువు తగ్గించే ఇంజెక్షన్ మందు సెమాగ్లుటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చిలో ముగిసింది. దాంతో వేరే కంపెనీలూ దాన్ని తయారుచేసే వీలు కలిగి, ఇలాంటి ఇంజెక్షన్ల గురించి మందుల షాపుల్లో వాకబు బాగా పెరిగింది. చాలామంది ఆస్పత్రి మెట్లెక్కకుండా ఫోన్‌లోనే డాక్టరును, ఫోన్‌లోనే మందును చూసుకుంటున్నారు. అది తప్పేమీ కాదు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దూరం నుంచి వైద్యాన్ని అనుమతించాయి. కాకపోతే పేషెంటును మొదటిసారి చూస్తూ ఇలాంటి మందు రాయాలంటే వీడియోలో మాట్లాడాలి. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫారం నింపగానే పీడీఎఫ్ వచ్చిపడితే దాన్ని చీటీ అనలేం. ఆ నంబరును మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైటులో వెతికి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: చీటీ రాసిన యాప్‌లోనే మందు కొనాలన్న నిబంధన లేదు, నచ్చిన షాపులో తీసుకోవచ్చు.

అసలు ఈ మందు ఎవరికి? ఈ మందుల లేబుల్ ప్రకారం బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 30 దాటినవారికి, లేదా 27 దాటి షుగరో బీపీయో ఉన్నవారికి. ఐదడుగుల మూడంగుళాల (160 సెం.మీ.) మనిషి 70 కిలోలుంటే బీఎంఐ 27.3. బీపీ ఉంటే ఆలోచించవచ్చు, ఏ జబ్బూ లేకపోతే లేదు. అదే మనిషి 62 కిలోలుండి, పెళ్లి ఫొటోల కోసం ఐదు కిలోలు తగ్గాలనుకుంటే ఈ మందు పనే లేదు. ఫారంలో బరువు పెంచి రాస్తే పట్టుకునేవారు ఉండరు. అందుకే వీడియోలో డాక్టరు కాటా మీద నిలబడమని అడగాలి, ఇటీవలి రక్త పరీక్షల రిపోర్టులు చూపించమనాలి.

అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? గతంలో ప్యాంక్రియాటైటిస్ (క్లోమ గ్రంథి వాపు), పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయా? గర్భం దాల్చాలనుకుంటున్నారా? అయితే సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఇదే తరహా మరో ఇంజెక్షన్ టిర్జెపటైడ్ మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రల మీదే ఆధారపడకూడదు. అన్నిటికంటే తరచుగా జారిపోయేది షుగర్ బిళ్లల ప్రశ్న. గ్లిమిపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడుతున్నవారికి ఈ ఇంజెక్షన్ తోడైతే షుగర్ బాగా పడిపోవచ్చు, పాత మందు డోసు తగ్గించాలి. మన ఇళ్లలో నడివయసు దాటినవారిలో గ్లిమిపిరైడ్ వాడేవారు తక్కువేమీ కాదు. ఆపరేషన్ ఏదైనా ఉంటే ఈ ఇంజెక్షన్ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది కనుక మామూలు ఉపవాసం సరిపోకపోవచ్చు.

డోసు విషయంలో తొందర అసలు పనికిరాదు. బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మి.గ్రా.తో మొదలవుతుంది, నాలుగు వారాల తర్వాతే 0.5. టిర్జెపటైడ్ 2.5తో మొదలై, నాలుగు వారాలకు 5 అవుతుంది. మొదటి డోసు బరువు తగ్గించడానికి కాదు, పేగులను అలవాటు చేయడానికి. 'నెలయినా ఏమీ తగ్గలేదు' అని ఒకేసారి పైకి పోతే వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీల మీద భారం. డెలివరీ ఆలస్యమై రెండు మూడు వారాలు తప్పితే ఆగిన డోసు నుంచే మొదలుపెట్టకండి, డాక్టరును అడగండి.

డోసు తిప్పి పొడుచుకునే పెన్ను బదులు వయల్ (మందు సీసా) కొనేవారికి సిరంజి దగ్గరే అసలు చిక్కు. మన షాపుల్లో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు: ఎర్ర మూత మి.లీ.కు 40 యూనిట్లది, నారింజ మూత మి.లీ.కు 100 యూనిట్లది. నారింజ మూత సిరంజిలో 10 గీత అంటే 0.1 మి.లీ., ఎర్ర మూతలో అదే 10 గీత అంటే 0.25 మి.లీ. మందు రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. కాబట్టి యూనిట్లు మాత్రమే రాసిన చీటీని ఒప్పుకోవద్దు. మి.గ్రా., మి.లీ., ఏ సిరంజి అన్నవి మూడూ రాయించుకోవాలి. ఇది ఎవరో అజాగ్రత్తపరుల పొరపాటు కాదు, రెండు సిరంజిలూ పక్కపక్కనే అమ్మే దేశంలో జరగక తప్పనిది.

ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. టిర్జెపటైడ్ వయల్ ఫ్రిజ్ బయట 30 డిగ్రీలు దాటనంతవరకే 21 రోజులు నిలుస్తుంది. మే నెలలో మన ఇళ్లలో ఆ 30 ఎక్కడిది? మధ్యాహ్నం బైకు మీద వచ్చిన డబ్బాలో జెల్ ప్యాక్ కరిగి గోరువెచ్చగా ఉంటే, అక్కడికక్కడే ఫొటో తీసి వెనక్కి పంపండి. గడ్డకట్టిన మందూ పనికిరాదు, ఫ్రీజర్ పలకకు ఆనించి పెట్టకండి. రంగు మారలేదు కదా అని నమ్మడానికి లేదు, పాడైనా చూపుకు తేడా తెలియదు.

తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థకు ఒక విన్నపం. మందుల షాపుల్లో ఫ్రిజ్ తనిఖీ చేస్తున్నట్టే, ఇంటికి తెచ్చే డబ్బాలో ఉష్ణోగ్రతనూ తనిఖీ చేయాలి. ఆన్‌లైన్ మందుల అమ్మకాలపై కేంద్రం 2018 ఆగస్టులో ముసాయిదా తెచ్చింది, అది తేలేవరకు ఆగనక్కర్లేదు. నకిలీ అనుమానముంటే సంస్థ టోల్‌ఫ్రీ 1800-599-6969, వాడాక ఇబ్బంది వస్తే 1800-180-3024. ఫోన్ చేసేటప్పుడు బ్యాచ్ నంబరు అడుగుతారు, పెట్టె, బిల్లు పారేయకండి.

– ఒక ఫార్మసిస్టు, మలక్‌పేట, హైదరాబాద్