రేవు స్తంభం, రాత్రి కాపలా, పడవ డీజిలు: మన లంక సంఘం ఈ ఏటి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇందులో సగం తెలిసిందే. హైదరాబాద్‌లోనూ గల్ఫ్‌లోనూ ఉన్న మనవాళ్ళు మాత్రం "ఏడాదంతా ఏం చేశారు, చందాలు ఎటు పోయాయి" అని గ్రూపులో అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఈసారి కాస్త వివరంగానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

ముందు అసలు సంగతి. మనది గోదారి పాయల మధ్యనున్న లంక. ఆ గోదారి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కిందికి వదిలే నీటి లెక్కలో చెప్పుకుంటే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు). టీవీల్లో స్క్రోలింగ్ మొదటి హెచ్చరికతో మొదలవుతుంది, పైవాళ్ళ హడావుడీ అప్పుడే మొదలవుతుంది. మన కాజ్‌వే (పాయ దాటే పల్లపు దారి) మాత్రం ఆ హెచ్చరిక రాకముందే మునిగిపోతుంది. అంటే గవర్నమెంటు లెక్కలో ఇంకా వరదే రాలేదు, మన పిల్లలు మాత్రం బడికి పడవెక్కేశారు, పాలవాళ్ళు క్యాన్లు భుజాన పెట్టుకుని రేవులో నిలబడ్డారు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక రేవు దగ్గర తాత్కాలిక గట్టు కొట్టుకుపోయి నాలుగు లంకల జనం పడవల మీద తిరగడం ఏటా పేపర్లో చూస్తున్నదే, మన పరిస్థితీ అంతే. అందుకే ఎక్కడో చెప్పే అంకెకు మన లంకలో అర్థమేమిటో మనమే రాసి పెట్టుకోవాలని కమిటీ అనుకుంది. ఏడాది పనంతా దాదాపు దీని చుట్టూనే తిరిగింది.

రేవులో సిమెంటు స్తంభం పాతించాం. అడుగులు, అంగుళాలు ఎర్ర రంగుతో వేసి, పక్కన నల్ల రంగుతో ఊరి గుర్తులు రాయించాం: ఇక్కడిదాకా వస్తే కాజ్‌వే, ఇక్కడిదాకా వస్తే కింద వీధి బోరింగు, ఇక్కడికొస్తే రామాలయం అరుగు. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి 1986లో, 2006లో, 2022లో నీళ్ళు ఏ గోడ దాకా వచ్చాయో అడిగి, ఇంకా మరక మిగిలి ఉన్న చోట్ల కొలిచి, ఆ ఎత్తులు కూడా వేయించాం. 1986 గీత దగ్గర మాత్రం రెండు వీధుల మధ్య వాదన ఇప్పటికీ తెగలేదు, ఎవరి తాతగారి మాట వాళ్ళది. స్తంభంతో ఒక్కటే చిక్కు. ఎర్రనీరు (వరదకి వచ్చే బురద నీరు) దిగాక ఒండ్రు ఎండి అంకెల మీద అట్టకట్టేస్తుంది, టార్చి వేసినా కనబడవు. తడి ఆరకముందే కొబ్బరి పీచుతో రుద్దేస్తే పోతుంది. ఈ పని కాపలా వంతువాళ్ళదే, మళ్ళీ మళ్ళీ చెప్పించుకోవద్దు.

కాపలా సంగతి. ఎర్రనీరు తగిలిన రోజు నుంచి (పులస చేప కోసం ఎదురుచూసేవాళ్ళు మనకంటే ముందే చెప్పేస్తారనుకోండి) దసరా వెళ్ళేదాకా రాత్రి వంతులు నడిపాం. మామూలు రోజుల్లో పూటకోసారి, బ్యారేజీ నుంచి ఎక్కువ వదులుతున్నారని తెలిస్తే గంటకోసారి స్తంభం చూసి పుస్తకంలో రాయడం. టైము, మన మట్టం, బ్యారేజీ దగ్గర మట్టం, వదిలే నీరు. ఇలా రాస్తూ పోతే తేలింది ఏమిటంటే, అక్కడ పెరిగిన నీరు మన రేవులో కనబడటానికి ఒక పూట దాకా పడుతోంది. ఆ పూటలోనే మనం చేయగలిగింది చేసుకోవాలి: గొడ్లను ఏటిగట్టు మీదకు తోలడం, మోటార్లు విప్పి పైకి చేర్చడం, కోతకొచ్చిన అరటి గెలలు దించడం.

గ్రూపులో వచ్చే కొన్ని మాటల గురించి కూడా చెప్పాలి. "భద్రాచలంలో తగ్గుతోందంట, ఇంక భయం లేదు" అని పెట్టేస్తారు. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు హెచ్చరికలు, అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు, ఇంతవరకూ నిజమే. కానీ శబరి నది గోదారిలో కలిసేది భద్రాచలం దాటాక, కూనవరం దగ్గర. భద్రాచలంలో గోదారి తగ్గుతున్నా కోంటా, చింతూరు వైపు శబరి పొంగుతుంటే మనకు నీరు అనుకున్నంత తొందరగా తగ్గదు. అందుకే కాపలా పుస్తకంలో కూనవరం, కోంటా అంకెలకు కూడా గడి పెట్టాం. కేంద్ర జల సంఘం వాళ్ళ సైటులో అన్నీ దొరుకుతాయి, మన కుర్రాళ్ళు రోజూ తీసి గ్రూపులో పెడుతున్నారు. ఎవరో పాత వీడియో పంపితే దాన్ని చూసి టెన్షన్ పడకండి, ఆ అంకెలు చూడండి.

ఇంకొకటి, "బ్యారేజీవాళ్ళు గేట్లు కాస్త దించి ఆపొచ్చు కదా, మన మీదకి వదులుతున్నారు" అని. దీని మీద రచ్చబండ దగ్గర గొడవ కూడా అయింది. లెక్క చూడండి. బ్యారేజీలో నిలిచేదే సుమారు 3 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 10 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 86 టీఎంసీలు దాటుతుంది. ఖాళీ బ్యారేజీ అయినా ఆ ప్రవాహానికి గంట లోపే నిండిపోతుంది, ఇంక ఆపేదేముంది? పెద్ద వరదకి ఉన్న 175 గేట్లూ ఎత్తి, వచ్చింది వచ్చినట్టు వదలడమే. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వెళ్ళింది, అలాంటి రోజున గేటు దగ్గర ఉన్నవాళ్ళని తిట్టి లాభం లేదు. తిట్టాల్సినవి వేరే ఉన్నాయి, అవి కింద రాశాం.

పడవలు. లైఫ్ జాకెట్లు కొన్నాం, చిన్నపిల్లల సైజువి కూడా. వేసుకోమంటే "రేవు దాటడానికేగా" అని నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన రోజు గోదారి మొదటి హెచ్చరిక దాకా కూడా రాలేదు, ప్రవాహం దాదాపు అందులో సగమే ఉంది. జాకెట్ లేకుండా ఎక్కించుకునే పడవకి సంఘం డీజిలు ఇవ్వదని తీర్మానం చేశాం, ఇందులో బంధుత్వాలు చూడం. చీకటి పడ్డాక గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు తప్ప ఎవరూ దాటకూడదన్నది రెండో తీర్మానం. కాన్పు దగ్గరపడ్డ ఆడపిల్లల్ని నీరు రాకముందే అవతల బంధువుల ఇంటికి పంపేయమని ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి చెప్పారు, ఆమెకు సంఘం తరఫున ధన్యవాదాలు.

ఇప్పుడు కోత. నీరు పెరిగేటప్పుడు అందరూ చూస్తారు, తగ్గేటప్పుడు ఎవరూ చూడరు. అసలు నష్టం అప్పుడే. ఒడ్డు లోపలంతా నాని బరువెక్కి ఉంటుంది, బయట ఒత్తిపట్టి ఉంచిన నీరు ఒక్కసారిగా దిగిపోతే ఆ మట్టి నిలవలేక పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతుంది. ఉత్తరం వైపు కాపు మీదున్న కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. పంటకైతే నష్టం రాసుకుంటారు, నదిలో కలిసిపోయిన నేలకి ఏం రాస్తారు? పట్టా కాగితం చేతిలో ఉంటుంది, సర్వే నంబరు ఏట్లో ఉంటుంది. రాతి కట్టడం వేయమని సంబంధిత ఆఫీసుకి అర్జీ పెట్టాం. ఎస్టిమేట్ పైకి పంపామన్నారు. మళ్ళీ వెళితే ఆ సారు బదిలీ అయ్యారన్నారు, కొత్తాయన ఫైలు వెతికిస్తామన్నారు. అర్జీ నకలు మన దగ్గర భద్రంగా ఉంది, వేసవి లోపు కలెక్టరు గ్రీవెన్సులో ఇస్తాం. కోత పడిన భూమి ఉన్నవాళ్ళు పాస్‌బుక్ జిరాక్సు, ఫొటోలు తెచ్చివ్వండి. ఇప్పటిదాకా సగం మందే ఇచ్చారు.

డబ్బుల సంగతి తొందరగా చెప్పేస్తాం. ఎక్కువ ఖర్చు డీజిలుకి, ఆ తరవాత జాకెట్లు, స్తంభం, చార్జింగ్ టార్చిలు. బయట ఊళ్ళ నుంచి పంపినవాళ్ళ పేర్లతో సహా లెక్క రామాలయం గోడకి అంటించాం, రసీదులు కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు. పశువుల మేతకు విడిగా పోగేసిన దాంట్లో మిగిలింది వచ్చే ఏటికి కదపకుండా ఉంచాం, ఎందుకంటే గట్టు మీద మనిషికి అన్నం పెట్టేవాళ్ళు ఎవరో ఒకరు వస్తారు, గొడ్డుకి గడ్డి తెచ్చేవాళ్ళు మాత్రం ఆలస్యంగా వస్తారు, ఆ గడ్డి కోసమే చాలామంది ముంపులో కూడా లంక వదలరు.

వచ్చే ఏటికి రెండు పనులు అనుకున్నాం. పై లంకవాళ్ళ రేవులో కూడా ఇలాంటి స్తంభమే వేయించి ఇద్దరి అంకెలూ కలిపి చూడటం ఒకటి, వాళ్ళు సరేనన్నారు. తుపాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుండాలో తేల్చడం రెండోది. మొన్న వర్షంలో తాళం ఉన్నాయన అమలాపురంలో పెళ్ళికెళ్ళారు, జనం వరండాలోనే తడిశారు. రెండో తాళంచెవి చేయించి షెల్టరు పక్కింటివాళ్ళకి ఇవ్వాలని కమిటీ ప్రతిపాదన, అభ్యంతరం ఉంటే ఈ నెలాఖరులోగా చెప్పండి. రాత్రి కాపలాకి కొత్త పేర్లు కూడా అప్పుడే ఇవ్వండి, పోయినసారి చేసినవాళ్ళే మళ్ళీ చేయాలంటే కుదరదు.

ఇట్లు,
కమిటీ తరఫున కార్యదర్శి