వడదెబ్బకు మన లాబ్రడార్‌ను పోగొట్టుకున్నాం: మా వేళలు, పద్ధతులు ఎందుకు మారుతున్నాయంటే

కుక్కలకు స్నానం, కత్తిరింపు చేసే (గ్రూమింగ్), ఇంటివాళ్లు లేనప్పుడు వాటిని ఉంచుకుని చూసుకునే (బోర్డింగ్) మా కేంద్రానికి పిల్లగా ఉన్నప్పటి నుంచీ వస్తున్న ఒక లాబ్రడార్ కుక్క వడదెబ్బతో హఠాత్తుగా చనిపోయాడు. ఎండ తగ్గాక, సాయంత్రం పూట, బంతి ఆట మధ్యలో కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేసరికి స్పృహ ఉంది, కాసేపటికి లేచి కూర్చున్నాడు కూడా. మర్నాడు ప్రాణం పోయింది. ఇంటివాళ్లు పేరు రాయవద్దన్నారు, జరిగింది మాత్రం అందరికీ చెప్పమన్నారు. వచ్చిన ప్రతివాళ్ల ఒళ్లోనూ తల పెట్టేవాడంటే మీలో చాలామందికి ఎవరో తెలిసిపోతుంది. మా దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ వాడంటే ప్రాణం. ఆ దుఃఖంలోనే ఇది రాస్తున్నాం.

ముందు మారేవి చెబుతాం. వేసవి ముగిసేదాకా ఉదయం 10 తర్వాత, సాయంత్రం 5కు ముందు ఏ కుక్కనీ స్నానానికి గానీ కత్తిరింపుకు గానీ తీసుకోం. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జు, బాక్సర్ లాంటి మూతి నొక్కుకుపోయిన జాతులకు తెల్లవారే వేళలే ఇస్తాం. బోర్డింగ్‌లో ఉన్నవాళ్లకు బంతి ఆట, పరుగు ఉండవు. వాసన చూసి వెతుక్కునే ఆటలు, గదిలో నమిలే బొమ్మలు ఉంటాయి. దీనివల్ల రోజుకు తీసుకునే కుక్కల సంఖ్య బాగా తగ్గుతుంది, మా రాబడీ తగ్గుతుంది, మీరు ఎదురుచూడాల్సిన రోజులు పెరుగుతాయి. ఈ మూడూ తెలిసే తీసుకున్న నిర్ణయం ఇది. "ఈ ఒక్కసారికి మధ్యాహ్నం తీసుకోండి" అని అడిగితే కుదరదనే చెబుతాం.

"ఎండలో లేడు కదా, మరి వడదెబ్బ ఎలా తగిలింది?" అని చాలామంది అడుగుతున్నారు. కుక్క ఒంటికి మనలా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అది ఒళ్లు చల్లబరచడానికి చాలదు. వేడి పోవాలంటే దానికున్న ప్రధాన దారి రొప్పడమే. నాలుక మీద, ముక్కు లోపలి పొరల మీద ఉన్న తడి ఆవిరవుతూ రక్తంలోని వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ తడి ఆవిరి కాదు. అందుకే ఎండ లేకపోయినా ఉక్కపోసే సాయంత్రం, పొడిగా ఉన్న మధ్యాహ్నం కన్నా ప్రమాదం కావచ్చు. పైగా రొప్పడం కూడా కండరాల పనే, దానికీ వేడి పుడుతుంది. గట్టిగా, ఎడతెగకుండా రొప్పితే గొంతు లోపలి పొరలు వాస్తాయి, గాలి దారి ఇరుకవుతుంది, చల్లబడే వీలు ఇంకా తగ్గుతుంది. ముక్కు పొట్టిగా ఉన్న జాతుల్లో ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. వయసు పైబడిన లాబ్రడార్‌లలో స్వరపేటిక కండరాలు చచ్చుబడటం తరచూ చూస్తాం. మొరుగు బొంగురుపోయినా, ఊపిరి తీస్తున్నప్పుడు గరగర వినిపించినా వేసవి రాకముందే డాక్టరుకు చూపించండి. అధిక బరువు, గుండె జబ్బు, దట్టమైన జూలు, ముసలితనం, మరీ పసితనం కూడా ప్రమాదాన్ని పెంచేవే.

పరుగెత్తే కుక్క కండరాలు పుట్టించే వేడి చాలా ఎక్కువ. బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డులను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కారణం తెలిసిన వడదెబ్బ కేసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు శ్రమ వల్ల వచ్చినవే. కారులో వదిలేయడం వల్ల వచ్చినవి నూటికి ఐదు దాకా ఉన్నాయి. కారు ప్రమాదం గురించి అందరం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆట గురించే తగినంతగా చెప్పుకోవడం లేదు. బంతి అంటే పిచ్చి ఉన్న కుక్క తనంతట తాను ఆగదు. అలసట కన్నా బంతి మీద యావ దానికి ఎక్కువ. అది ఇంకా ఆడతానంటోంది కదా అని దాని ఒంట్లో అంతా బాగుందనుకోకూడదు. ఎప్పుడు ఆపాలో తేల్చాల్సింది మనిషే. నాలుక పొడవుగా వేలాడి, చివర వెడల్పై గరిటెలా చదునుగా పరుచుకుంటే ఆట అక్కడితో సరి. నీడకు తీసుకెళ్లి నీళ్లు పెట్టాలి, ఒళ్లు తడపాలి. వేసవి మొదట్లో వచ్చే వేడి రోజులు మరీ చెడ్డవి. కొత్త వేడికి కుక్క ఒళ్లు అలవాటు పడటానికి వారాలు పడుతుంది, రెండు మూడు రోజుల్లో అయ్యేది కాదు.

కారు సంగతి ఎలాగూ వచ్చింది గనుక ఒక్క లెక్క. 2005లో అమెరికాలో ప్రచురితమైన కొలతల ప్రకారం బయట 22 డిగ్రీలే ఉన్న రోజు కూడా ఎండలో మూసి ఉంచిన కారు లోపల గంటలో 47 డిగ్రీలకు చేరింది. పెరిగిన వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. అద్దాలు కాస్త దించినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇక అసలు విషయం. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే అవయవాలు దెబ్బతినే ప్రమాదం మొదలవుతుంది. ఆగకుండా పెద్దగా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, పిలిస్తే పలకకపోవడం, వెనక కాళ్లు తూలడం, వాంతి, విరేచనం, ఫిట్స్: ఇవన్నీ కనిపించేదాకా ఆగకండి. వేడిలో ఉన్న లేదా పరుగెత్తిన కుక్క తూలితే చాలు, వడదెబ్బే అనుకుని మొదలుపెట్టండి. చిగుళ్లు పాలిపోయినా, వాటి మీద సన్నటి ఎర్ర చుక్కలు కనిపించినా పరిస్థితి చెయ్యి దాటుతోందని గుర్తు.

ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వేడెక్కిన కుక్కను అలాగే బండిలో వేసుకుని పరుగెత్తితే, దారిలో గడిచే ప్రతి నిమిషమూ అవయవాలు ఉడుకుతూనే ఉంటాయి. కూలబడ్డ చోటే, నీడ దగ్గర్లో ఉంటే నీడలో, నీళ్లు పోయడం మొదలుపెట్టండి. ఒకరు డాక్టరుకు ఫోన్ చేయాలి, ఒకరు పోస్తూనే ఉండాలి. నీళ్లు ఐసులా ఉండక్కర్లేదు. కుక్క ఒంటికన్నా చల్లగా ఉంటే చాలు, కుళాయి నీళ్లైనా, గొట్టం నీళ్లైనా సరే. గొట్టంలో ఎండకు కాగి ఉన్న మొదటి నీళ్లను మాత్రం పక్కకు వదిలేయండి. బాగా చల్లటి నీళ్లు పోస్తే షాక్ తగిలి చనిపోతుందనే మాట చాలాకాలంగా వినిపిస్తోంది. ఆ భయంతో పోయకుండా ఆగితే జరిగే నష్టమే పెద్దది.

పొట్ట కింద, చంకల్లో, తొడల లోపలి వైపు, ఛాతీ మీద, ఆ తర్వాత ఒళ్లంతా తడపాలి. జూలు పైపైన తడిస్తే లాభం లేదు. వేళ్లతో జూలు విడదీస్తూ చర్మం దాకా నీళ్లు చేరేలా చూడాలి. అదే సమయంలో ఫ్యాన్ పెట్టాలి, లేదా అట్టతో విసరాలి. తడి, గాలి రెండూ కలిస్తేనే వేడి పోతుంది. పొడి ఒంటి మీద ఫ్యాన్ గాలి కుక్కకు పెద్దగా పనికిరాదు, దానికి చెమట లేదు కదా. వయసులో ఉండి, ఇతర జబ్బులేవీ లేకుండా, స్పృహలో ఉన్న కుక్కనైతే టబ్బులో మెడ దాకా ముంచవచ్చు. తల మాత్రం ఒకరు పైకి పట్టుకునే ఉండాలి. ముసలివాటికి, గుండె, శ్వాస ఇబ్బందులున్నవాటికి పోస్తూ విసరడమే మేలు. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి. కాసేపటికి ఆ తువ్వాలే వెచ్చబడి వేడిని లోపల ఆపేస్తుంది.

స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తానుగా తాగితే కొద్దికొద్దిగా తాగనివ్వండి. పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ లాంటివి అసలు ఇవ్వకూడదు. జ్వరంలో ఒళ్లే తన వేడిని పెంచుకుంటుంది, మందు ఆ ఏర్పాటు మీద పనిచేస్తుంది. వడదెబ్బలో ఆ ఏర్పాటే లేదు, కాబట్టి మందు వేడిని తగ్గించదు. కాలేయాన్నీ, మూత్రపిండాలనీ మాత్రం దెబ్బతీస్తుంది.

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ కుక్కకంటూ విడిగా ఉంచుకోండి. కొనకు వాసెలిన్ రాసి మలద్వారంలోకి రెండు మూడు సెంటీమీటర్లు పెట్టి చూడాలి. నీళ్లు పోస్తున్నంతసేపూ ఐదేసి నిమిషాలకోసారి చూస్తూ, 39.4కు దిగగానే పోయడం ఆపండి. ఆపాక కూడా వేడి ఇంకొంత దిగుతుంది, ఆపకపోతే మరీ కిందికి పడిపోతుంది. థర్మామీటర్ లేకపోతే రొప్పడం నెమ్మదించేదాకా పోయండి. ఆ తర్వాత తడి ఒంటితోనే, ఏసీ వేసి గానీ అద్దాలన్నీ దించి గానీ ఆస్పత్రికి తీసుకెళ్లండి.

లేచి నిలబడినా తీసుకెళ్లాలి. మనవాడి విషయంలో అందరి గుండెలూ పగిలింది ఇక్కడే. వడదెబ్బ చేసే నష్టంలో చాలా భాగం వేడి దిగాక బయటపడుతుంది. పేగుల లోపలి పొర దెబ్బతిని అక్కడి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరతాయి. ఒళ్లంతా చిన్నచిన్న నాళాల్లో రక్తం గడ్డకట్టి, గడ్డకట్టించే పదార్థాలు అయిపోయి, తర్వాత ఎక్కడపడితే అక్కడ రక్తస్రావం అవుతుంది. మూత్రపిండాలు మూలబడతాయి, గుండె లయ తప్పుతుంది. ఇవి 24 నుంచి 72 గంటల లోపు ఎప్పుడైనా రావచ్చు. అందుకే డాక్టర్లు సెలైన్ పెట్టి, రక్తం గడ్డకట్టే తీరు, చక్కెర, మూత్రం పరిమాణం పదేపదే చూస్తారు. ఇజ్రాయెల్‌లోని వెటర్నరీ ఆస్పత్రిలో చేరిన 54 కుక్కల మీద 2006లో వచ్చిన పరిశీలనలో సగం చనిపోయాయి. వడదెబ్బ తగిలిన గంటన్నర దాటాక వచ్చినవాటికి ప్రమాదం మరీ ఎక్కువగా ఉంది. అంటే పెద్దాస్పత్రి వైద్యం అందినా అన్నిటినీ కాపాడలేని జబ్బు ఇది.

మా గదుల్లో పద్ధతులు కూడా చెప్పాలి. వేడి గాలి డ్రయర్లు వేసవి అంతా వాడం, మామూలు గాలి బ్లోయరే. కుక్కను బోనులో పెట్టి బ్లోయర్ బిగించి వెళ్లిపోయే పద్ధతి మా దగ్గర ఏ కాలంలోనూ ఉండదు. నోరు బిగించే గుడ్డ మజిల్ (మూతి తొడుగు) వేస్తే కుక్క రొప్పలేదు. కరిచే అలవాటున్నవాటికి నోరు తెరవగలిగే బుట్ట మజిలే వేస్తాం. లోపలికి తీసుకునే ముందు ఒంటి వేడి చూస్తాం. 39.5 దాటితే చల్లటి గదిలో కూర్చోబెట్టి మళ్లీ చూస్తాం, దిగకపోతే స్నానం లేకుండా మీ డాక్టరు దగ్గరికి పంపిస్తాం. కరెంటు పోయి జనరేటరు కూడా మొరాయిస్తే పని ఎక్కడున్నా ఆపేసి మీకు ఫోన్ చేస్తాం, సగం కత్తిరించిన జూలుతో ఇంటికి పంపాల్సి వచ్చినా సరే. హస్కీ, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి రెండు పొరల జూలున్నవాటికి గుండు చేయమని అడగవద్దు. చర్మం నేరుగా ఎండకు కమిలిపోతుంది, జూలు మునుపటిలా రాకపోవచ్చు. ఊడిన లోపలి నూగును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, వేసవికి అది చాలు.

వాడి ఇంటివాళ్ల గురించి ఒక విన్నపం. ఎదురుపడితే "నీళ్లు పెట్టలేదా", "ఎంతసేపు ఆడించారు" అని అడగకండి. ఆ ప్రశ్నలన్నీ వాళ్లు తమను తామే రాత్రింబవళ్లు వేసుకుంటున్నారు. ముసలితనంతో పోయే కుక్కకు వీడ్కోలు చెప్పుకునే వ్యవధి ఉంటుంది. వడదెబ్బకు పోయినప్పుడు పొద్దున తోక ఊపినది మర్నాటికి ఉండదు, మిగిలేదంతా "ఐదు నిమిషాలు ముందే ఆపి ఉంటే" అన్న లెక్కే. వాడి గురించి మీకు గుర్తున్నదేదైనా చెప్పండి. వాళ్లకు అదే కావాలి.

ఇలాంటి రోజు ఎవరికైనా వస్తే కొన్ని పనులు గంటల్లోనే తేల్చుకోవాలి. కారణం తెలుసుకోవాలనుకుంటే పోస్ట్‌మార్టం వీలైనంత త్వరగా, ఒక రోజులోపు జరగాలి. అప్పటిదాకా దేహాన్ని ఫ్రిజ్ చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టించకూడదు. దాని బాధ చూడలేక డాక్టరు ఇంజెక్షన్‌తో సాగనంపి ఉంటే ఆ మందు దేహంలోనే ఉంటుంది, ఆ దేహాన్ని తిన్న జంతువుకూ విషమవుతుంది. అందుకే పూడ్చేటప్పుడు వేరే జంతువులు తవ్వలేనంత లోతు తవ్వాలి. పిల్లలకు "నిద్రపోయాడు" అని చెప్పకండి, వాళ్లు నిద్రకే భయపడతారు. "చనిపోయాడు, ఇక తిరిగి రాడు" అనే చెప్పండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే అది వెతకడం, గుమ్మం దగ్గరే పడుకోవడం, తిండి తగ్గించడం మామూలే. తిండి, నడక వేళలు మార్చకండి. పోయినవాడి పరుపు దానికి కావాలనిపిస్తే కొన్నాళ్లు ఉతకకుండా ఉంచండి. ఒక రోజు పూర్తిగా ఏమీ ముట్టకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

చివరగా మా వైపు పని. స్నానం తేదీ దగ్గరపడగానే మా నుంచి వెళ్లే గుర్తుచేసే మెసేజ్ పెంపుడు జంతువు పోయిన ఇంటికి వెళ్లకూడదు. అలా జరిగితే ఒక్క మాట మాకు తెలియజేయండి, ఇంకెవరితోనైనా చెప్పించినా చాలు. అదే రోజు మెసేజ్‌లు ఆపేస్తాం, ముందుగా కట్టిన డబ్బు అడగకుండానే వెనక్కి పంపుతాం. మా దగ్గరున్న ఫొటోలు తొలగించం. మీకు చూడాలనిపించినప్పుడు అడగండి, అప్పుడే పంపుతాం.