మిర్యాలగూడలో ఉన్న తమ్ముడికి

లండన్

ప్రియమైన తమ్ముడికి అక్క ఆశీస్సులు.

అందరం క్షేమం. అమ్మ మోకాలి మందు సరిగ్గా వాడుతోందో లేదో నువ్వే నిజం రాయి, తనను అడిగితే ఎప్పుడూ "బాగానే ఉంది" అంటుంది.

ఇంగ్లిష్ ఆర్టికల్స్ ఎ, ఆన్, ద ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదన్నావు. బట్టీ మానెయ్. మనం చెప్పేది ఏ వస్తువు గురించో వినేవాళ్ళకు తెలుసా, లేదా? తెలిస్తే ద, తెలియకపోతే ఎ. మా వార్డులో డ్యూటీ మారేటప్పుడు, రోగి "ద టాబ్లెట్" వేసుకున్నాడంటే చార్టులో రాసి ఉన్న ఆ మాత్రే అని వచ్చిన నర్సుకు అర్థమవుతుంది. "ఎ టాబ్లెట్" అన్నానో, ఏ మాత్ర, ఎవరిచ్చారు అని నిలదీస్తుంది. తెలుగులో "మాత్ర వేసుకున్నాడు" అంటే సరిపోతుంది, మిగతాది సందర్భమే చెబుతుంది.

ఎ, ఆన్ తేడా అక్షరాన్ని బట్టి కాదు, పలుకును బట్టి: పలుకు అచ్చుతో మొదలైతే ఆన్, లేకపోతే ఎ. అవర్‌లో హెచ్ పలకదు కాబట్టి ఆన్. యూనివర్సిటీ "యూ" అని పలుకుతుంది కాబట్టి ఎ. ఎమ్మెల్యేకు ఆన్. ఊరి పేర్లకు ఏదీ అక్కర్లేదు. నదులకు మాత్రం ద ఉండాలి, కృష్ణకైనా మూసీకైనా. ఎందుకని అడగకు, ఇంగ్లిష్‌వాళ్ళ ఆనవాయితీ అంతే.

ఇక రిలేటివ్ క్లాజ్, అంటే ఒక మనిషినో వస్తువునో వివరించే ఉపవాక్యం. "నిన్న సాగర్ నుంచి వచ్చిన అబ్బాయి" అని మనం వివరమంతా చెప్పాక మనిషిని తెస్తాం. వాళ్ళకు ముందు అబ్బాయి రావాలి, తర్వాత హూ, ఆ తర్వాతే వివరం. వస్తువైతే విచ్ లేదా దట్. "నిన్న చూసిన అబ్బాయి" అంటే చూసింది అతడో, అతణ్ణి ఇంకెవరైనా చూశారో మనకు తేలదు. ఇంగ్లిష్‌లో ఆ పేచీ లేదు: హూ పక్కనే క్రియ ఉంటే చూసింది అబ్బాయే, మధ్యలో "ఐ" వస్తే చూసింది నేను.

కామాతో జాగ్రత్త. "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ మిర్యాలగూడ," అని కామాల మధ్య రాస్తే నాకున్నది నువ్వొక్కడివే. కామాలు తీసేస్తే ఇంకో ఊళ్ళో ఇంకో తమ్ముడున్నట్టు వినిపిస్తుంది, అమ్మ నన్ను ఊరుకోదు! కామాలు పెట్టిన చోట హూ, విచ్‌లకు బదులు దట్ వాడకూడదు. పరీక్షల్లో ఇక్కడే పట్టేస్తారు.

మన వీధి చివరి రైస్ మిల్లు మీద సొంతంగా ఒక పేజీ రాసి ఫోటో పంపు, దిద్ది పెడతాను. నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
అక్క