కప్‌బోర్డులు పీకేసే ముందు ఒక్కసారి చూడండి

ఎడిటర్ గారికి,

మా వంటింటి కప్‌బోర్డులు పాతబడ్డాయని మొత్తం పీకించేద్దాం అనుకున్నాం, కానీ చెక్క గట్టిగానే ఉంది, పోయింది రంగే, అందుకే పెయింటర్‌ని పిలిపించాం. అతను తలుపులన్నీ ఊడదీసి వెనక నంబర్లు వేసుకుని, పొయ్యి పక్క తలుపు మీద ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు వదిలించడానికే సగం రోజు పెట్టాడు, అది పోకపోతే ఎంత మంచి పెయింటైనా పెచ్చులూడుతుందట. తర్వాత 220 నంబర్ ఎమరీ పేపర్‌తో రుద్ది, పెయింట్ బాగా పట్టుకోవడానికి ముందుగా వేసే ప్రైమర్ కొట్టి, స్ప్రేతో రెండు పూతలు పెయింట్ వేశాడు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా గట్టిగా తుడవకూడదు. చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు నీళ్లకి ఉబ్బిపోయి ఉంటే మాత్రం మార్చాల్సిందే. మీ పేపర్లో ఎప్పుడూ కొత్త కిచెన్ల గురించే వస్తుంది, దయచేసి దీని గురించి కూడా రాయండి సార్, గట్టి చెక్కని చెత్తలో పడేస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

— ఒక పాఠకురాలు