తుప్పు పట్టిన గుండును స్టేషన్‌కు మోసుకుపోవద్దు

ఎడిటర్ గారికి,

ఇసుక ర్యాంపులోనో, చేపల చెరువు తవ్వే పొక్లెయిన్ బకెట్లోనో, ఉప్పాడ వైపు వలకు తగులుకునో పాత మందుగుండు బయటపడితే ఏం చేయాలో మన గోదావరి డెల్టాలో ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు. నలుగురూ మూగుతారు, ఒకరు కాలితో దొర్లిస్తారు, పెద్దమనిషి ఎవరో గోనెసంచిలో చుట్టి బండి మీద పోలీస్ స్టేషన్‌కు చేర్చమంటారు. పౌర బాధ్యత అనుకుని చేసే ఈ పనే అన్నిటికన్నా ప్రమాదం.

ఇక్కడికి అలాంటివి ఎక్కడి నుంచి వస్తాయని అడగొచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఈ మధ్య సంవత్సరాల్లో కాకినాడ తీరంలో నౌకాదళం, సైన్యం విన్యాసాలు చేస్తున్నాయి. దొరికిన ప్రతి ఇనుప గొట్టమూ బాంబు కాదు. ఏది అవునో ఏది కాదో తేల్చే పని మాత్రం మనది కాదు.

‘తుప్పు పట్టింది, ఇంకేం పేలుతుంది’ అనే ధీమా ఎందుకు తప్పో చెప్పాలి. ఫిరంగి గుండు గొట్టంలోంచి దూసుకెళ్లేటప్పుడు తగిలే కుదుపుకీ, గిర్రున తిరిగే వేగానికీ దాని ఫ్యూజు (గుండును పేల్చే భాగం)లోని రక్షణ మీటలు విడిపోతాయి. అంటే పేల్చినా పేలకుండా పడిపోయిన గుండులో తాళాలన్నీ ఎప్పుడో తెరుచుకుని ఉండవచ్చు. సూది సరిగా తగలక ఆగిందంతే, ఇంకో కుదుపు చాలు. పైగా చాలా ఫ్యూజుల్లో లెడ్ అజైడ్ అనే పేలుడు పదార్థం ఉంటుంది. చెమ్మ చేరి, పక్కనున్న రాగి, ఇత్తడి భాగాలతో కలిస్తే కాపర్ అజైడ్ పుడుతుంది. అది కాస్త రాపిడికే పేలుతుంది. ఉప్పుగాలి, ఊటనేల ఉన్న మనలాంటి చోట గుండు పాతబడేకొద్దీ నెమ్మదిస్తుందనుకోవడం భ్రమ. టపాకాయ తడిస్తే తుస్సుమంటుంది కదా అని బకెట్ నీళ్లలో ముంచేవారూ ఉంటారు. గుండులోని పేలుడు మందు టీఎన్‌టీ నీళ్లలో కరగదు. సముద్రంలో వాడే భాస్వరం పొగ గొట్టాలైతే మరీ మోసం. తడిగా ఉన్నప్పుడు చల్లారినట్టే ఉండి, ఒడ్డున ఆరాక మళ్లీ అంటుకోగలవు.

దూరం సంగతి. 155 మిల్లీమీటర్ల గుండు సుమారు 43 కిలోలు ఉంటే అందులో పేలుడు మందు 7 కిలోలకు కాస్త అటూ ఇటూ. మిగతాదంతా దాదాపు ఉక్కే. ఆ ముక్కలు కొన్ని వందల మీటర్లు పోతాయి. అనుమానాస్పద సంచికి కట్టినట్టు వంద మీటర్లలో తాడు కట్టి ఊరుకుంటే చాలదు.

మిలిటరీ నిర్వీర్య బృందం వచ్చీరాగానే గుండు దగ్గరకు పోదు. మొదట చూసినవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడుగుతుంది: ఎప్పుడు చూశారు, ఎంత పొడవు, ఎవరైనా కదిపారా? తర్వాత దూరం నుంచి బైనాక్యులర్, వీలైతే డీఆర్‌డీవో తయారుచేసిన ‘దక్ష్’ లాంటి రోబో. మనిషి వెళ్లక తప్పకపోతే ఒక్కరే వెళ్లాలి, ఇది రాజీ లేని నియమం. వేసుకునే సూటు ముప్పై కిలోలు దాటుతుంది, అయినా పనికోసం వేళ్లు బయటే ఉంటాయి. మన ఉక్కపోతలో అందులో ఎక్కువసేపు నిలబడటం ఎవరి తరమూ కాదు కనుక మారు మనిషి సిద్ధంగా ఉండాలి. దగ్గర్లో వైర్‌లెస్ సెట్లు, సెల్‌ఫోన్లు వాడకూడదు. గుండును పేల్చేయడానికి బృందం తెచ్చే ఎలక్ట్రిక్ డిటోనేటర్ తీగల కొసలు చివరి క్షణం దాకా మెలిపెట్టే ఉంచుతారు. డిటోనేటర్లనూ మందునూ ఒకే పెట్టెలో తేరు. ఉరుము వినబడితే పని ఆపేస్తారు. పేలాల్సింది పేలకపోతే కనీసం అరగంట ఎవరూ అటు అడుగు వేయరు. పేలిన తర్వాత కూడా ముందు ఒక్కరే వెళ్లి మిగిలిన ముక్కలు చూసి వస్తారు. ఫిరంగిలోంచి పేల్చినా పేలని గుండును సాధ్యమైనంతవరకు కదపరు, ఉన్నచోటే పేల్చేస్తారు. నిపుణులే కదపని దాన్ని మనం బండి మీద పెట్టుకుపోతున్నాం!

డెల్టాలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఉన్నచోట పేల్చడానికి గొయ్యి తీస్తే నాలుగడుగులకే ఊట వచ్చే నేల మనది. పక్కనే కాలువ గట్టో, ఏటిగట్టో ఉంటుంది. కోనసీమలో అయితే పొలాల కింద గ్యాస్ పైపులైన్లు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఏమైందో ఎవరూ మరచిపోలేదు. గుండు దొరికిన రోజున ఈ వివరాల కోసం ఫోన్లు చేస్తూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. నీటిపారుదల, విద్యుత్, ఓఎన్‌జీసీ, గెయిల్ మ్యాపులన్నీ కలిపి, మండలానికి ఒకటి చొప్పున తగిన ఖాళీ స్థలాలను కోనసీమ, కాకినాడ, తూర్పు, పశ్చిమ గోదావరి కలెక్టర్లు ముందే గుర్తించి పెట్టాలి. కదపవచ్చని బృందమే తేల్చిన వాటిని అక్కడికి తరలిస్తారు. కదపలేని వాటి చుట్టూ ఏమున్నదీ అదే మ్యాపు చెబుతుంది.

స్టేషన్ల సంగతి కూడా చూడాలి. 2025 నవంబరులో శ్రీనగర్ నౌగామ్ పోలీస్ స్టేషన్‌లో స్వాధీనం చేసుకున్న పేలుడు పదార్థాల నమూనాలు తీస్తుండగా పేలుడు జరిగి తొమ్మిది మంది చనిపోయారు. జనం మధ్య ఉండే స్టేషన్ ఆవరణ మందుగుండు దాచే చోటు కాదు.

ర్యాంపుల దగ్గర, పడవల రేవుల్లో బోర్డులు పెట్టండి. ముట్టుకోవద్దు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి, దూరం వెళ్లాకే 112కు గానీ, తీరంలో మెరైన్ పోలీసుల 1093కు గానీ ఫోన్ చేయండి అని రాస్తే చాలు. పాత ఇనుప సామాన్ల కొట్లకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే గుండు ఆకారంలో ఉన్నదేదీ తూకం వేయబోమనీ, గ్యాస్ కట్టర్ పెట్టబోమనీ రాయించుకోవాలి.

– కొందరు మాజీ సైనికులు, అమలాపురం